బాబాయిగారి కార్డిగన్ గురించి

వాణీ,

బాబాయిగారికి ఈ చలికాలానికి నువ్వే స్వెట్టర్ అల్లాలనుకుంటున్నావని చదివి ఎంత సంతోషం వేసిందో! ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు ఒక సంగతి. తల మీంచి వేసుకునే స్వెట్టర్ వద్దు. ఆయనకి భుజం నొప్పి అన్నావు కదా, చేతులు పైకెత్తి దూర్చుకునే బట్ట ఏదైనా రెండు రోజులు వేసుకుని బీరువాలో పెట్టేస్తారు. మదనపల్లెలో డిసెంబర్ పొద్దున వాకింగ్‌కి గుండీలన్నీ పెట్టుకుని బయల్దేరి, ఎండెక్కాక విప్పేసుకునేలా ఉండాలి. అంటే ముందు గుండీలుండే కార్డిగన్, వీ మెడ, రాగ్లాన్ చేతులు, రెండు జేబులు. జేబులు మానేద్దామని మాత్రం అనుకోకు, తాళాలు, ఫోన్, కళ్లజోడు అన్నీ ఎక్కడ పెట్టుకుంటారు చెప్పు?

రాగ్లాన్ అంటే చెయ్యి భుజం దగ్గర అతుక్కోకుండా, చంక నుంచి మెడ దాకా ఏటవాలు గీతలా వెళ్లే పద్ధతి. వాటర్లూ యుద్ధంలో, 1815లో, కుడిచెయ్యి పోగొట్టుకున్న లార్డ్ రాగ్లాన్ కోటు నుంచి వచ్చిందంటారు. ఆయనే తర్వాత క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సేనలకి పెద్ద. అదే యుద్ధంలో 1854 అక్టోబర్ 25న బాలక్లావా దగ్గర గుర్రపు దళాన్ని నడిపించినవాడు ఎర్ల్ ఆఫ్ కార్డిగన్, మన కార్డిగన్‌కి ఆ పేరు ఆయనదే. మనం మంకీ క్యాప్ అనేదాన్ని ఇంగ్లీషువాళ్లు బాలక్లావా అంటారు కదా, అదీ అక్కడిదే. బాబాయిగారికి ఈ కథ చెప్పు, చరిత్ర మేష్టారు కదా, ఎంత మురిసిపోతారో!

ఇక్కడ ఢిల్లీలో ఎండలో కూర్చుని అల్లే ఆంటీలు చాలామంది కింది అంచు నుంచి మొదలుపెట్టి ముక్కలు ముక్కలుగా అల్లి చివర్లో కుడతారు. చక్కగానే వస్తుంది, కానీ దూరంగా ఉన్న మనిషికి అల్లేటప్పుడు నాకు మెడ నుంచి కిందికి అల్లడమే నమ్మకం. దసరాకి ఊరెళతావు కదా, అప్పటికి చంకల దాకా వచ్చేస్తే సూది మీదున్నదాన్నే ఆయన భుజాల మీద వేసి చూడొచ్చు. బిగుతైతే ఇంకో నాలుగు వరుసలు, పొట్టిగా ఉంటే ఇంకాస్త పొడుగు. అంతా అయ్యాక తెలిసి ఏం లాభం?

ఊలు కొనగానే మొదలుపెట్టెయ్యకు. డీకే మందం ఊలు (మరీ సన్నం, మరీ లావు కాని మధ్యరకం), 4 ఎంఎం సూదులతో జానెడు వెడల్పు ముక్క ఒకటి అల్లి, ఉతికి, ఆరాక 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టు. సాధారణంగా 22 వస్తాయి. ఆయన ఛాతీ 96 సెంటీమీటర్లు అన్నావు, చొక్కా మీద వేసుకుంటారు కాబట్టి 10 కలిపి 106 అనుకో, అంటే సుమారు 233 కుట్లు. అదే నీ చేతికి 20 వచ్చి ఉంటే? అవే 233 కుట్లు 116 సెంటీమీటర్లు దాటిపోతాయి. ఈ ఒక్క ముక్క కోసం పట్టే సాయంత్రానికి బద్ధకించకు.

అల్లిక మొదట్లో ఐదు భాగాలు (ముందు రెండు, చేతులు రెండు, వీపు ఒకటి), వాటి మధ్య నాలుగు రాగ్లాన్ గీతలు. ప్రతి గీతకి రెండు పక్కలా ఒక్కో కుట్టు చొప్పున వరుస విడిచి వరుసలో ఎనిమిది కుట్లు పెంచుతావు. వీ మెడ కాబట్టి ముందు భాగాలు ఒకటి రెండు కుట్లతోనే మొదలై, మెడ అంచున విడిగా పెరుగుతాయి. చంక దగ్గరికొచ్చాక చేతుల కుట్లని వేరే దారం మీదకి ఎక్కించి పక్కన పెట్టి, చంక కింద కొన్ని కొత్త కుట్లు వేసుకుని ఒళ్లంతా ఒకేసారి అల్లుకుపోవడమే.

జేబుల సంగతికొస్తే, ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ అని ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన గొప్ప అల్లికల ఆవిడ ఉండేది (1910–1999). పూర్తయిన స్వెట్టర్లో ఒక్క కుట్టు కత్తిరించి, దారం లాగి, అక్కడ జేబు పెట్టేసేది! నీకు అంత ధైర్యం అక్కర్లేదు. జేబు నోరు రావాల్సిన చోట ఒక 28 కుట్లు వేరే రంగు దారంతో అల్లి, వాటిని తిరిగి ఎడమ సూది మీదకి జార్చి మళ్లీ అసలు ఊలుతో అల్లు. చివర్లో ఆ రంగు దారం తీసేస్తే పైన, కింద కుట్లు విడివిడిగా దొరుకుతాయి. పైవాటి నుంచి లోపలి సంచీ కిందికి అల్లు, కిందివాటి మీద రెండు సెంటీమీటర్ల గట్టి అంచు అల్లి రెండు కొసలూ కుట్టెయ్యి. సంచీకి ఒక సైజు సన్న సూది వాడు, లేకపోతే ఫోన్ బరువుకి సాగుతుంది. ఎంత కింద పెట్టాలో ఆయన చెయ్యి మామూలుగా ఎక్కడికి అందుతుందో చూసి గుర్తు పెట్టుకో, పుస్తకం లెక్క వద్దు.

గుండీల పట్టీ అల్లేటప్పుడు అంచు పొడుగునా నాలుగు వరుసలకి మూడు కుట్లు చొప్పున ఎత్తు. ప్రతి వరుసకీ ఒకటి ఎత్తితే పట్టీ అలలు అలలుగా వస్తుంది. మగవాళ్లకి గుండీ కన్నాలు ఎడమ వైపు, గుర్తుంచుకో. గుండీలు ముందే కొని, వాటికి సరిపోయేలా కన్నం వెయ్యి, జనరల్ బజార్‌లో ఎన్ని రకాలుంటాయో నీకు తెలుసుగా.

ఊలు ఒక 700 గ్రాములు ఒకేసారి తీసుకో, ఉండలన్నిటి మీదా రంగు లాట్ నంబర్ (ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబర్) ఒక్కటే ఉందో లేదో చూసుకో. నన్నడిగితే బూడిద రంగు కంటే ముదురు ఇటుక రంగు నప్పుతుంది ఆయనకి. ఆయన పాత స్వెట్టర్ ఏదైనా మంచం మీద పరిచి చంక నుంచి చంకకి, మెడ వెనక నుంచి మణికట్టుకి కొలిచి పంపు, మిగతా లెక్కలు నేను వేసి పెడతాను.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
సుధ