డాలస్‌కి సరేననే ముందు

విశాఖపట్నం

అమ్మలూ,

ఆశీస్సులు. డాలస్ ఆఫీసుకి బదిలీ ఇస్తామంటున్నారని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి మీ అమ్మ కాలు నేల మీద నిలవడం లేదు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే ఊళ్లో ఉంటారని రైతుబజారులో కనిపించినవాళ్లందరికీ చెప్పేసింది. ఆ రోజు ఫోన్లో నేను పెద్దగా ఏమీ అనలేదు. ఫోన్లో అయితే మాట మాటకీ తెగిపోతుంది, అందుకే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. కెనడా సిటిజన్‌షిప్ చేతికొచ్చేదాకా టొరంటో వదలొద్దు.

నీకు ఇస్తామన్నది ఎల్-1బీ వీసా, కంపెనీ తన మనిషిని అమెరికా ఆఫీసుకి పంపడానికి తీసుకునేది. దాని మీద మొత్తం 5 ఏళ్లకు మించి ఉండనివ్వరు. పైగా అది నిన్ను పంపిన కంపెనీకే పరిమితం. అక్కడ ఇంకొకరు పిలిచి రెట్టింపు జీతం ఇస్తామన్నా ఆ వీసాతో చేరడానికి లేదు. నేను ప్లాంటులో పనిచేసిన రోజుల్లో కాంట్రాక్టు మీద వచ్చేవాళ్ల గేట్ పాస్ కాంట్రాక్టరు ద్వారానే వచ్చేది. ఎంత పనిమంతుడైనా సరే, ఆ కాంట్రాక్టు ముగిస్తే మర్నాడు గేటు దగ్గరే ఆపేసేవారు. టెంపరరీ వీసా సంగతీ అంతే. నువ్వు అక్కడ ఉండడానికి హక్కు నీ ఉద్యోగంలోంచి వస్తుంది. కెనడాలో నీకున్న పీఆర్, అంటే శాశ్వత నివాస హోదా, అలా కాదు, అది నీ పేరు మీద ఉంది. రేపు నీ కంపెనీ మూతపడినా నిన్ను కెనడా నుంచి వెళ్లమనేవాళ్లు లేరు.

ఈ తేడా మనింట్లో చూశాం కదా. మీ అన్నయ్య ఉద్యోగం పోయినప్పుడు వాడికున్న గడువు 60 రోజులు. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి రూలు అది. ఆ లోపల ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా సామాను సర్దుకోవాలి. వాడు మీ అమ్మకి చెప్పొద్దని నాకొక్కడికే చెప్పాడు. తెల్లవారుజామున ఫోన్ చేసి, ఇవాళ ఎన్ని ఇంటర్వ్యూలయ్యాయో చెప్పి పెట్టేసేవాడు. ఉద్యోగం దొరకదనే భయం కన్నా, పిల్లాణ్ని బడి మధ్యలో మాన్పించాలేమో అన్న టెన్షనే ఎక్కువగా ఉండేది వాడికి. ఇక మీ వదిన. ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పిన పిల్ల. భార్యగా వచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లి, అన్నయ్యకి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయ్యేదాకా వర్క్ పర్మిట్‌కి అర్హతే లేక ఇంట్లో కూర్చుంది. ఆ సంవత్సరాలు తనకి ఎవరు తెచ్చిస్తారు?

తాతయ్య పోయినప్పుడు కూడా అంతే. నువ్వు దొరికిన విమానం పట్టుకుని పెద్దకర్మకి అందుకున్నావు. వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టూ పీఆర్ కార్డూ చూపించావు, పని అయిపోయింది. అన్నయ్యకి అక్కడ ఉండడానికి కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయింది. వస్తే మళ్లీ కాన్సులేట్‌లో స్టాంపింగ్ అయితే గాని తిరిగి అమెరికాలో దిగలేడు. అప్పాయింట్‌మెంట్ దొరకలేదు. పెద్ద మనవడు లేకుండానే అన్నీ జరిగిపోయాయి. వాడి మొహం ఆ రోజు వీడియో కాల్లో చూశావుగా.

డాలస్ నచ్చకపోతే వెనక్కి వచ్చేస్తాను, పీఆర్ ఎక్కడికి పోతుంది అన్నావు. పోతుందమ్మా. ఏ 5 ఏళ్లు లెక్కగట్టినా అందులో 730 రోజులు కెనడాలో ఉండి తీరాలి. కార్డు గడువు దాటినంత మాత్రాన పీఆర్ రద్దు కాదు, కార్డు మళ్లీ తీసుకోవచ్చు. కానీ రోజులు తక్కువైతే ఆ హోదానే తీసేయవచ్చు. కెనడా కంపెనీ బయటికి పంపిస్తే ఆ రోజులు కూడా లెక్కలోకి వస్తాయని ఎవరో చెప్పారన్నావు. నిజమే, కానీ దానికి షరతులున్నాయి. అక్కడి కంపెనీ ఉద్యోగిగానే ఉంటూ, పని అయ్యాక కెనడాలో ఉద్యోగం ఉంటుందన్న హామీతో వెళ్లాలి. డాలస్ కంపెనీ పేరోల్‌లోకి మారిపోతే ఆ మాట చెల్లదు. పైగా సిటిజన్‌షిప్ లెక్కకి ఆ రోజులు అసలే పనికిరావు.

ఆ లెక్క చూడు. దరఖాస్తు వేసే రోజు నుంచి వెనక్కి 5 ఏళ్లలో 1,095 రోజులు కెనడాలో ఉండాలి. నువ్వు చదువుకున్నప్పటివి, వర్క్ పర్మిట్ మీద ఉన్నప్పటివి రోజుకి అర రోజు లెక్కన, ఎంత ఉన్నా 365 దాకా కలుపుతారు. అందుకే నీకు తొందరగా పూర్తవుతుంది, ఇంకో ఏడాది లోపే. ఇప్పుడు వెళ్లిపోతే ఆ పాత రోజులు అలాగే ఉండిపోవు. అమెరికాలో గడిపే ఒక్కో నెలకీ వెనక ఒక్కో నెల లెక్కలోంచి జారిపోతుంది. చలిలో పార్ట్ టైమ్ పని చేస్తూ చదువుకున్న ఆ రోజుల్ని ఊరికే వదిలేయడం నాకు మనసొప్పడం లేదు.

ఇంకో సంగతి. అమెరికా గ్రీన్‌కార్డు క్యూ పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. నువ్వు విశాఖలో పుట్టావు కాబట్టి రేపు కెనడా పాస్‌పోర్టు ఉన్నా భారతీయుల వరసలోనే నిలబడాలి. అన్నయ్య హెచ్-1బీని ఐ-140 పుణ్యమా అని 6 ఏళ్లు దాటాక కూడా పొడిగిస్తున్నారు. ఎల్-1కి ఆ వెసులుబాటు లేదు. 5 ఏళ్లు నిండేసరికి అక్కడ గ్రీన్‌కార్డు రాదు, కెనడాలో పీఆర్ మిగలదు. నాకు భయం అదే.

అదే కెనడా సిటిజన్ అయ్యావనుకో, టీఎన్ మీద వెళ్లొచ్చు, అది కెనడా సిటిజన్లకి అమెరికాలో పని చేసుకోవడానికి ఇచ్చే హోదా. హెచ్-1బీకి ఉన్నట్టు లాటరీ లేదు, ఒక్కసారికి 3 ఏళ్ల దాకా ఇస్తారు, మళ్లీ మళ్లీ తీసుకోవచ్చు. అది పీఆర్ ఉన్నవాళ్లకి ఇవ్వరు, సిటిజన్లకే. నీ ఇంజనీరింగ్ పని ఆ జాబితాలో ఉంది. అది కూడా టెంపరరీయే, కాదనను. కానీ అక్కడ ఏం జరిగినా తిరిగి వెళ్లడానికి నీ దేశమని ఒకటి ఉంటుంది.

సిటిజన్‌షిప్ తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి, ఇక్కడ రెండూ ఉంచుకోనివ్వరు. ఈ మాట రాయడం నాకు తేలిక కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే రాకపోకలకీ ఉండడానికీ ఇబ్బంది లేదు, ఓటు మాత్రం ఉండదు. చోడవరం పొలం నీ వాటా గురించి బెంగ వద్దు. ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు గాని వారసత్వంగా రావచ్చు. అమ్మ ఇవన్నీ విని కాసేపు ఏడ్చింది, తర్వాత తనే అంది, దాని కాళ్ల మీద అది గట్టిగా నిలబడనీ అని.

ఈ వారం రెండు పనులు చెయ్యి. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, ఇండియా వచ్చిన తేదీలు, అన్నయ్య దగ్గరికి వెళ్లిన తేదీలు అన్నీ రాసి, కెనడా ఇమిగ్రేషన్ వాళ్ల కాలిక్యులేటర్‌లో వేసి ఎన్ని రోజులు తక్కువున్నాయో నాకు పంపు. ఆ బదిలీని ఏడాది తర్వాతకి వాయిదా వేస్తారేమో మీ మేనేజర్‌ని అడుగు. కుదరదంటే కుదరదనే చెప్పనీ. ఆ జవాబు వచ్చేదాకా దేని మీదా సంతకం పెట్టకు.

మీ నాన్న