వార్షిక నివేదిక 2024–25: మంచం పక్కన యంత్రం, టేబుల్ మీద కంప్యూటరు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన నర్సుల సంఘం పనంతా దాదాపు ఒక్క విషయం చుట్టే తిరిగింది. వార్డులో మోగే యంత్రాలు, నర్సుల టేబుల్ మీది కంప్యూటరు, పల్లెలోని ఆరోగ్య సబ్‌సెంటర్‌లో ట్యాబ్: వీటితో రోజూ పడే తిప్పలు. హన్మకొండ సమావేశాలకు సభ్యులు తెచ్చిన ప్రశ్నలన్నీ కలిపి చూస్తే యంత్రం చెడిపోయిన సందర్భాలు తక్కువే. యంత్రం బాగానే ఉంటుంది, మనమూ సరిగ్గానే ఉంటాం, మధ్యలో ఎక్కడో లెక్క తప్పుతుంది. అందుకే ఎవరికి శాలువా కప్పాం, ఎవరు అధ్యక్షత వహించారు అన్న వరుస ఈసారి వదిలేశాం. శిక్షణల్లో ఏం చెప్పుకున్నామో రాశాం. నైట్ డ్యూటీల వల్ల రాలేకపోయినవాళ్లకు ఇదే ఎక్కువ పనికొస్తుంది.

సిరంజి పంపు

సిరంజిలోని మందును కొద్దికొద్దిగా రోగిలోకి నెట్టే ఈ పంపుకే ఎక్కువ సమయం పోయింది, పోవాలి కూడా. ఒక ఉదాహరణను అందరిచేత కాగితం మీద చేయించాం. బీపీ పెంచే నోరాడ్రినలిన్ 4 మి.గ్రా. మందును మొత్తం 50 మి.లీ. చేశారు. అంటే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. రోగి బరువు 60 కిలోలు. డాక్టర్ రాసింది కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్. నిమిషానికి 6, గంటకు 360 మైక్రోగ్రాములు. 360ని 80తో భాగిస్తే గంటకు 4.5 మి.లీ. ఇంతవరకు అందరికీ వచ్చింది. అసలు చిక్కు డ్యూటీ మారేటప్పుడు వస్తుంది. పగలు 4 మి.గ్రా. కలిపారు, రాత్రి డాక్టర్ 8 మి.గ్రా. కలపమన్నారు, పంపు మీద అంకె మాత్రం 4.5 దగ్గరే ఉండిపోయింది. పంపు దృష్టిలో తప్పేమీ లేదు, అది నెడుతున్నది 4.5 మి.లీ.యే. మందు మాత్రం రెట్టింపు పోతోంది. అందుకే సిరంజి లేబుల్ మీద మందు పేరు ఒక్కటే చాలదు. మొత్తం మి.గ్రా., మొత్తం మి.లీ., మి.లీ.కి ఎంత, కలిపిన సమయం, సంతకం ఉండాలి. డ్యూటీ అప్పగించేటప్పుడు "4.5 మీద నడుస్తోంది" అంటే సగం మాటే చెప్పినట్టు.

రెండోది, చాలామందికి కొత్తగా అనిపించింది: సిరంజి కంపెనీ. పంపు మందును కొలవదు. లోపలి స్క్రూ తిరిగి పిస్టన్‌ను ఇన్ని మిల్లీమీటర్లు ముందుకు తోస్తుంది, అంతే. ఆ దూరానికి ఎంత మందు బయటికొస్తుందన్నది సిరంజి లోపలి వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 50 మి.లీ. సిరంజిలన్నీ పైకి ఒక్కలాగే కనిపిస్తాయి కానీ కంపెనీని బట్టి వ్యాసం మారుతుంది. పంపు 28 మి.మీ. అనుకుంటే, పెట్టింది 27 మి.మీ. సిరంజి అయితే దాదాపు 7 శాతం తక్కువ మందు పోతుంది. స్టోర్‌లో సరుకు మారిన రోజు, చిన్న అక్షరాల్లో కనిపించే ఆ సిరంజి కంపెనీ పేరును పంపు తెర మీద మార్చాలి. ఎవరూ మార్చరు, ఎందుకంటే అలారం మోగదు.

సిరంజి బిగించగానే లైను రోగికి కలపొద్దు. ముందు పర్జ్ (లైనును మందుతో నింపే బటన్) నొక్కి, లైను చివర చుక్క కనిపించాకే కలపాలి. గంటకు 1 మి.లీ. లాంటి తక్కువ వేగంలో పిస్టన్‌కూ తోసే కడ్డీకీ మధ్య ఉన్న కాస్త సందు పూడడానికే చాలా నిమిషాలు పడుతుంది. అంతసేపూ తెర మీద "నడుస్తోంది" అని ఉంటుంది, రోగికి మందు అందదు, బీపీ పడిపోతుంది. అడ్డంకి అలారం సంగతీ ఇంతే. తక్కువ వేగంలో లైను మూసుకుపోయాక అలారం రావడానికి అరగంట పైనే పట్టొచ్చు. మోగగానే త్రీ-వే (లైను మధ్యలో ఉండే తిప్పుడు కవాటం) తిప్పేస్తే లైనులో బిగిసి ఉన్న మందంతా ఒక్కసారిగా లోపలికి పోతుంది. ముందు రోగి వైపు మూయాలి, సిరంజి వైపు ఒత్తిడి వదలాలి, ఆ తర్వాతే కారణం వెతకాలి.

ఇక బ్యాటరీ. మూలన నెలల తరబడి ప్లగ్ లేకుండా పడి ఉన్న పంపు అత్యవసరంలో పది నిమిషాలు కూడా నడవదు. వాడకపోయినా ప్లగ్‌లోనే ఉంచాలి. ఆ ప్లగ్ పీకి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే అటెండెంట్లతో గొడవ మనకు పాతదే. పంపుల ప్లగ్గులకు ఎర్ర టేపు చుట్టి, ఫోన్ల కోసం వరండాలో వేరే బోర్డు చూపిస్తే గొడవ తగ్గిందని కొన్ని వార్డుల సభ్యులు చెప్పారు. అరవడం కంటే ఇది నయం.

మానిటర్లు, అలారాలు

"సిస్టర్, మిషిన్ ఒర్లుతుంది" అని అటెండెంట్ పిలిచేసరికే మన చెవులు మొద్దుబారి ఉంటాయి. పనికిరాని అలారాల్లో సగానికి మందు మన చేతిలోనే ఉంది. ఈసీజీ ఎలక్ట్రోడ్లు రోజూ మార్చాలి, చెమట తుడిచి ఆరిన చర్మం మీదే అంటించాలి. ప్యాకెట్ చింపి ట్రేలో వదిలేస్తే జెల్ ఎండిపోతుంది, వరంగల్ ఎండాకాలంలో ఇంకా తొందరగా. బీపీ కఫ్ కట్టిన చేతికే వేలి ప్రోబ్ పెడితే కఫ్ ఉబ్బిన ప్రతిసారీ ఆక్సిజన్ అలారం మోగుతుంది. ఇంకో చేయి ఉంది కదా.

ఈసీజీ వైర్ల రంగులు వేరే తలనొప్పి. ఒక పద్ధతిలో ఎరుపు కుడి చేయి, పసుపు ఎడమ చేయి, ఆకుపచ్చ ఎడమ కాలు, నలుపు కుడి కాలు. అమెరికా పద్ధతిలో తెలుపు కుడి చేయి, నలుపు ఎడమ చేయి, ఎరుపు ఎడమ కాలు, ఆకుపచ్చ కుడి కాలు. ఒకే వార్డులో రెండు రకాల మానిటర్లుంటే "ఎరుపు కుడి" అని కంఠతా పట్టినవాళ్లు తలకిందుల అలలు చూసి కంగారుపడతారు. రంగు కాదు, పిన్ను మీది అక్షరం చదవాలి. కొత్త రోగి రాగానే మానిటర్‌లో పెద్దలా, పిల్లలా, నవజాత శిశువా అన్నది మార్చడం కూడా మరిచిపోతున్నాం. పసిబిడ్డకు పెద్దల మోడ్‌లో బీపీ చూస్తే కఫ్ అవసరానికి మించి బిగుస్తుంది.

వేలి ఆక్సిమీటర్ 660, 940 నానోమీటర్ల కాంతుల్ని వేలి గుండా పంపి లెక్క కడుతుంది. ఆ కాంతికి అడ్డొచ్చేది ఏదైనా అంకెను మారుస్తుంది. ఆషాఢంలో, పెళ్లిళ్లప్పుడు నల్లగా పండిన మైదాకు, ముదురు గోళ్ల రంగు, చల్లబడిన వేళ్లు, నేరుగా పడే ఎండ. వేలు మార్చి చూడండి, లేదా చెవి తమ్మెకు పెట్టండి. తెర మీది నాడికీ మీ వేళ్లకు తగిలే నాడికీ పొంతన లేకపోతే ఆ ఆక్సిజన్ అంకెను రాయొద్దు. మనది బొగ్గు గనుల దగ్గరి ప్రాంతం కాబట్టి ఇంకో మాట. పొగలో, గాలి ఆడని గదిలో కుంపటి దగ్గర చిక్కుకున్నవారికి కార్బన్ మోనాక్సైడ్ పట్టి ఉంటే ఈ యంత్రం 98 చూపించొచ్చు. ఆ 98ని నమ్మి ఆక్సిజన్ తీసేయకూడదు.

కంప్యూటర్‌లో శ్వాస

రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే చెప్పే హెచ్చరిక స్కోరు మీద పెట్టిన తరగతి ఈ ఏడాది అన్నిటికంటే బాగా నడిచింది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్-2 పద్ధతి తీసుకున్నాం. శ్వాస, ఆక్సిజన్, బయటి నుంచి ఆక్సిజన్ ఇస్తున్నామా, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం: ఈ ఏడింటికీ మార్కులు. కొన్ని ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ ఇలాంటి స్కోరును తనే లెక్కేస్తుంది, లేనిచోట కేస్ షీట్ వెనక చేతితో వేసుకోవచ్చు. 16 ఏళ్ల లోపువారికి, గర్భిణులకు ఇది వాడరు.

ఒక రోగి అంకెలు ఇలా ఉన్నాయనుకోండి. శ్వాస 22, ఆక్సిజన్ 94, మామూలు గాలి మీదే ఉన్నాడు, బీపీ 104, నాడి 112, స్పృహలో ఉన్నాడు, జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ పరుగెత్తించేంతగా లేదు. మార్కులు వేస్తే 2, 1, 0, 1, 2, 0, 1. మొత్తం 7. అంటే అత్యవసరం, డాక్టర్ వెంటనే మంచం దగ్గర ఉండాలి.

ఇప్పుడు అదే రోగికి, చాలా చార్టుల్లో కనిపించేలా, శ్వాస 18 అని రాశారనుకోండి. లెక్కపెట్టకుండా, పైవరుస చూసి. స్కోరు 5కు దిగుతుంది. అదీ తొందరగా చూడాల్సిన స్థాయే, కానీ ఫోన్‌లో వినిపించే మాట బరువు తగ్గిపోతుంది, అరగంట జారిపోతుంది. మిగతా అంకెలన్నీ యంత్రం చూసి చెబుతుంది. అంకెల్లో శ్వాస ఒక్కటే ఇంకా చాలాచోట్ల మన కళ్ల మీద ఉంది, అబద్ధం రాసేదీ అక్కడే. నిమిషమంతా లెక్కపెట్టాలి. "ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెప్పకుండా, నాడి పట్టుకున్నట్టే ఉండి ఛాతీ చూడాలి. చెబితే మనిషి ఊపిరి మార్చేస్తాడు. వార్డు మొత్తానికి 18, 18, 20, 18 అని ఉన్న చార్టు చూసి ఇన్‌ఛార్జి సిస్టర్లు ఊరుకోవద్దని తీర్మానం చేశాం.

పేర్లు, పట్టీలు

ఒక వార్డులో ఇద్దరు రాజయ్యలు, ముగ్గురు లక్ష్మిలు ఉండడం మనకు వింత కాదు. కంప్యూటర్ పుట్టినతేదీ చూసి వేరు చేస్తుందిలే అనుకుంటే, పెద్దవాళ్లలో చాలామంది ఆధార్‌లో జనవరి 1నే పుట్టారు! పేరుతో పాటు ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది) తప్పనిసరి. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే పాత రికార్డు దొరకడం తేలిక. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్క అక్షరం మారినా స్వరూప రెండు ఫైళ్లలో ఇద్దరవుతుంది, ఎలర్జీ వివరం పాత ఫైల్లోనే ఉండిపోతుంది. మందు ఇచ్చేముందు "రాజయ్య మీరేనా?" అనొద్దు, వినిపించని పెద్దాయన తల ఊపేస్తాడు. "మీ పేరేంది?" అని అడిగి ఆయన నోటే చెప్పించాలి.

బార్‌కోడ్ ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో రోగి చేతి పట్టీ తడిసి ముడతపడి స్కాన్ కాదు. దాంతో పట్టీల కాపీలు టేబుల్‌కు అంటించుకుని అక్కడే స్కాన్ చేసేస్తున్నారు. కంప్యూటర్ లెక్కలో మందు సరైన మనిషికే పోయింది, మంచం మీద ఎవరున్నారో దానికి తెలియదు. సిస్టర్లను తిట్టేకంటే మంచి పట్టీలు, మంచం దాకా వచ్చే స్కానర్ కొనాలి.

ఇన్సులిన్ గురించి క్లుప్తంగా: మందు సీసా మీద 40 (మి.లీ.కి 40 యూనిట్లు) అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి. 100 మందును 40 సిరంజితో 10 గీత దాకా తీస్తే పోయేది 25 యూనిట్లు. కంప్యూటర్‌లో కూడా "యూనిట్లు" అని పూర్తిగా టైప్ చేయాలి. ఒక్క ఇంగ్లిష్ అక్షరం (U)తో సరిపెడితే అది సున్నాలా కనబడి 4 కాస్తా 40 అవుతుంది.

సబ్‌సెంటర్ల నుంచి

తాడ్వాయి, ఏటూరునాగారం వైపు ఏఎన్‌ఎం సభ్యుల మాట ఒకటే: సిగ్నల్. ఆఫ్‌లైన్‌లో దాచుకోగల యాప్‌లో ఎక్కించిన ఎంట్రీలు సింక్ అయ్యాయని తెర మీద చూసేదాకా యాప్ తీసేసి మళ్లీ వేయొద్దు, డేటా క్లియర్ చేయొద్దు. చేస్తే ఆ ఊరంతా మళ్లీ తిరగాలి. తిరుగుతున్న చక్రం చూసి రెండోసారి సబ్మిట్ నొక్కితే ఒకే బిడ్డ రెండుసార్లు ఎక్కుతుంది. పీహెచ్‌సీల్లో టీకాల ఫ్రిజ్ (ఐఎల్‌ఆర్) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో ఈవిన్ లాగర్ (ఉష్ణోగ్రతను తనే నమోదు చేసే పరికరం) చెబుతుంది. అయినా రోజుకు రెండుసార్లు థర్మామీటర్ చూసి రాయడం మానొద్దు. వేడి కంటే గడ్డకట్టడం ప్రమాదమైన టీకాలున్నాయి: పెంటావాలెంట్, హెపటైటిస్-బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా).

సర్వర్ పోయినప్పుడు

ప్రతి వార్డులో ఒక ఎర్ర ఫైలు ఉండాలి. ఖాళీ మందుల చార్టులు, వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి) కాగితాలు, ల్యాబ్ ఫారాలు, ఫోన్ నంబర్లు, ఒక రోజుకు సరిపడా. సర్వర్ వచ్చాక ఎక్కించేటప్పుడు టైప్ చేస్తున్న సమయం కాదు, మందు ఇచ్చిన సమయం వేయాలి, పక్కన "ఆలస్యంగా నమోదు" అని రాయాలి. లేకపోతే 2 గంటలకు ఇచ్చిన యాంటీబయాటిక్ 5కు ఇచ్చినట్టు పడి, తర్వాతి డోసులన్నీ ఆలస్యమవుతాయి.

వార్డంతా ఒకే లాగిన్ వాడడం ఈ ఏడాది కూడా ఆగలేదు. మీ పేరు మీద ఇంకొకరు కొట్టిన ఎంట్రీకి రేపు జవాబు చెప్పేది మీరే. కేస్ షీట్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం గురించి కూడా గట్టిగానే చర్చ జరిగింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం మాట పక్కన పెట్టినా, మన ఇంటివాళ్ల రిపోర్టు అలా తిరిగితే ఊరుకుంటామా?

వినతిపత్రం

ఒకే బీపీని కేస్ షీట్‌లో, టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టులో, వార్డు రిపోర్టు పుస్తకంలో, కంప్యూటర్‌లో నాలుగుచోట్ల రాస్తున్నాం. నాలుగోసారికి రోగిని చూసి రాసేది తక్కువ, పక్క కాగితం చూచి రాసేది ఎక్కువ. కంప్యూటర్‌లో ఎక్కినదానికి రిజిస్టర్ తీసేయాలని, ప్రింటు మీద సంతకం చాలని యాజమాన్యాలను కోరుతూ వినతిపత్రం తయారుచేశాం. సభ్యులు తాము పనిచేసే చోట్ల ఇస్తున్నారు. రెండూ కావాలంటే చెయ్యి కూడా రెండింతలు కావాలని అందులో రాశాం.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంచారు. వచ్చే మేడారం జాతరకు వైద్య శిబిరాల్లో డ్యూటీ పడేవాళ్ల కోసం, నెట్‌వర్క్ మీద ఆధారపడని కాగితపు టోకెన్ పద్ధతి మీద ఒక తరగతి ఉంటుంది.

తర్వాతి సమావేశానికి వచ్చేటప్పుడు మీ వార్డులో ప్రస్తుతం వాడుతున్న 50 మి.లీ. సిరంజి కొత్తది ఒకటి కవరుతో సహా, పంపు తెర మీద సిరంజి పేరు కనిపించే ఫొటో ఒకటి తీసుకురండి. ఫొటోలో రోగి వివరాలు పడకుండా చూసుకోండి. రెండూ కలుస్తాయో లేదో అక్కడే చూద్దాం.