ఎమాన్యుయెల్ రివాది లేటు వయసు అదృష్టమా?

అయ్యా,

గత ఆదివారం మీ సినిమా పేజీలో ఫ్రెంచి నటి ఎమాన్యుయెల్ రివా గురించి వేసిన వ్యాసం చదివి చాలా బాధ కలిగింది. 85 ఏళ్లకు అదృష్టం కలిసొచ్చిన బామ్మగా ఆమెను చూపించారు. ఒక్క ‘ఆమూర్’ సినిమా, దానికొచ్చిన ఒక్క ఆస్కార్ నామినేషన్, ఫొటో కూడా ఆ వయసుదే. అంతకుముందు ఆమె ఏమీ చేయలేదా?

1959లో ఫ్రెంచి దర్శకుడు అలాన్ రెనే తీసిన ‘హిరోషిమా మోనామూర్’లో ప్రధాన పాత్ర ఆమెదే. సినిమా గురించి కాస్త తెలిసినవాళ్లెవరూ ఆ పేరు మర్చిపోరు. షూటింగ్ కోసం ఆమె 1958లో హిరోషిమా వెళ్లి, అక్కడి వీధుల్లో తిరుగుతూ మామూలు మనుషుల్ని, పిల్లల్ని ఫొటోలు తీశారు. అవి యాభై ఏళ్ల తర్వాత పుస్తకంగా వచ్చాయి. 1962లో ‘తెరేజ్ దెస్కేరూ’ సినిమాకి వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి అందుకున్నారు. అంత పెద్ద బహుమతి పొందిన మనిషిని ‘ఎవరికీ తెలియని నటి’ అని ఎలా రాస్తారండీ?

తర్వాత పెద్ద వేషాలు తగ్గాయి, నిజమే. నటన మాత్రం మానలేదు. ‘త్రీ కలర్స్: బ్లూ’లో కూతుర్ని చూసి తోబుట్టువనుకుని మాట్లాడే తల్లిగా కొన్ని నిమిషాలే కనిపిస్తారు. చూసినవాళ్లకు ఆ ముఖం గుర్తుండిపోతుంది. ‘ఆమూర్’లో పక్షవాతంతో మంచానపడ్డ సంగీతం టీచర్‌గా ఆమె చేసింది అన్నేళ్ల సాధనతో వచ్చిన పని. దానికి బ్రిటన్‌వాళ్ల బాఫ్టా, ఫ్రాన్స్‌వాళ్ల సెజార్ సినిమా అవార్డులు రెండూ వచ్చాయి. వాటి ఊసే లేదు మీ వ్యాసంలో.

మనవాళ్ల విషయంలోనూ ఇదే తీరు. భానుమతి గారి గురించి రాస్తే పొగరు, అత్త వేషాలు, అంతే. 1953లోనే ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారన్న సంగతి ఎంతమంది రాస్తున్నారు? హీరోల పాత సినిమాకు పాతికేళ్లు నిండితే పేజీలు నింపుతారు, నటీమణులకు మాత్రం వయసు, పెళ్లి, చివరి రోజులు. ఒకప్పుడు సినిమా పేజీ చదివి మేం సినిమాలు వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు రాసేవాళ్లు ఆ సినిమాలు చూస్తున్నారా అని అనుమానం వస్తోంది.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. మూలన రెండు లైన్లు కాదు, వ్యాసం వేసినచోటే వేయండి. ఆస్కార్ హడావుడి ముగిశాక 2014లో కూడా ఆమె పారిస్‌లో నాటకం ఆడారని అందులో చేర్చండి.

– ఒక పాఠకురాలు, విజయనగరం