రుద్దకుండా వేసిన రంగు తొమ్మిది రోజుల్లో లేచిపోయింది

రంగుల కంపెనీ కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ డీలర్ మనుషులు వేసిన బోటు రంగు ఊడిపోవడం గురించి.

మాది తిరుపతి జిల్లా వాకాడు మండలం తూపిలిపాలెం. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. బోటును ఒడ్డెక్కించి తీరిగ్గా బాగుచేసుకోవడానికి మాకు దొరికేది ఆ 61 రోజులే. ఈసారి నా ఫైబర్ బోటు అడుగున జెల్‌కోటు (ఫైబర్‌ను కాపాడే నున్నటి పైపొర) అరిగిపోయి లోపలి ఫైబర్ పోగులు బయటపడ్డాయి. రంగూ మీదే, మనుషులూ మీ డీలర్ పంపినవాళ్లే అయితే నమ్మకంగా ఉంటుందని రూ.46,000 కట్టాను.

మొదట్లో పని బాగానే చేశారు, అది చెప్పాలి. అరిగినచోట ఫైబర్ మ్యాటు, దాన్ని అతికించే రెసిన్ వేసి, పుట్టీ పట్టించి, రుద్ది, మే 3న పై రంగుకు ముందు వేసే అడుగుపూత, ఎపాక్సీ ప్రైమర్ కొట్టారు. తర్వాత ఇంకోచోట పనుందని వెళ్లి మే 19కి గానీ రాలేదు. 7 రోజులు దాటితే పై రంగుకు ముందు ఎమరీ పేపర్‌తో రుద్దాలని మీ ప్రైమర్ డబ్బా మీదే ఉంది. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడిపోతే, గరుకు చేస్తే తప్ప పై రంగుకు పట్టు దొరకదు. వాళ్లు గుడ్డతో తుడిచి రోలర్ తిప్పేశారు. డబ్బా చూపించి అడిగితే "ఏం కాదన్నా, పట్టుకుంటుంది" అన్నారు.

జూన్ 15న నీళ్లలోకి దించాం. తొమ్మిదో రోజుకి, పెనం మీంచి దోసె లేచినట్టు రంగు లేచింది. ఒక పెచ్చు తీసి చూశాను. వెనకవైపు అద్దంలా నున్నగా ఉంది. కింద బూడిదరంగు ప్రైమర్ చెక్కుచెదరలేదు, దాని మీద ఒక్క గీత కూడా లేదు.

మీ ప్రతినిధి ఫోటోలు చూసి, ఇసుకలో ఈడ్చడం వల్ల ఊడిందని రాశారు. ఇసుక తగిలేది అడుక్కి. ఊడింది పక్కలు, నా రొమ్మెత్తున. రిజిస్ట్రేషన్ నంబరులో రెండంకెలు కూడా రంగుతోపాటే పోయాయి. మెరైన్ పోలీసులు ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది నేనే కదా! నంబరు మళ్లీ రాయించేదాకా నాలుగు రోజులు బోటు ఒడ్డునే ఉంది. నాతో వేటకొచ్చే నలుగురికీ ఆ రోజుల సంపాదన పోయింది. వాళ్ల ముఖాలు చూడటం నాకు డబ్బు పోవడం కన్నా కష్టమైంది.

మీ సాంకేతిక సిబ్బందిని పంపి చూడండి, పెచ్చులు దాచిపెట్టాను. పై రంగంతా తీయించి, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, ఆరాక ప్రైమర్ రుద్దించి, మీ ఖర్చుతో మళ్లీ రంగు వేయించాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే ఆ తేమలో ఈ పని కుదరదు, కాబట్టి సెప్టెంబరులోగా కావాలి. పోయిన నాలుగు రోజుల ఆదాయం కూడా ఇప్పించాలి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. బతుకుతెరువుకు సొంతంగా నడుపుకునే బోటు ఇది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనూ వినియోగదారుణ్ణే. బిల్లు, డబ్బా ఫోటో, బోటు ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
బోటు యజమాని, తూపిలిపాలెం