పుట్టిన పూటే పడాల్సిన రెండు సూదులు

ఒరేయ్,

రాత్రి నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నా. కానీ ఫోన్‌లో నువ్వు సగం వింటావు, మిగతా సగం కంగారుపడతావు. అందుకే ఉత్తరం. రెండుసార్లు చదువు, చెల్లెమ్మ చేత కూడా చదివించు.

కడుపుతో ఉన్న చెల్లెమ్మకు హెచ్‌బీఎస్‌ఏజీ (ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని చెప్పే రక్తపరీక్ష) పాజిటివ్ అనగానే ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇంట్లో పంచాయితీ మొదలైందన్నావు. ముందు అది ఆపించు. నా సంగతి నీకు తెలుసుగా, రక్తం ఇవ్వబోతే బయటపడింది. తర్వాత చూస్తే అమ్మకూ ఉంది. నన్ను కన్నప్పుడు ఆవిడకు పరీక్షా లేదు, నాకు టీకా లేదు. అమ్మ ఆ రిపోర్టును నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడిచి, "నేనే ఇచ్చానట్రా నీకు?" అంది. ఆ మాట చెల్లెమ్మ నోట రాకూడదనే ఇంత రాస్తున్నా.

ఈ వైరస్ పెద్దయ్యాక సోకితే చాలామందికి ఒళ్ళే దాన్ని వదిలించుకుంటుంది, నూటికి 5 మందిలో కూడా మిగలదు. పుట్టేటప్పుడు సోకితే లెక్క తలకిందులు: సుమారు 90 మందిలో తిష్ఠ వేసుక్కూచుంటుంది. అదీ చప్పుడు లేకుండా. ఎన్నో ఏళ్ళకు కాలేయం గట్టిపడ్డాకో, క్యాన్సర్ వచ్చాకో తెలుస్తుంది.

ఎక్కువగా అంటుకునేది కాన్పు సమయంలోనే, తల్లి రక్తం తగిలి. మనకున్న అవకాశం కూడా అక్కడే ఉంది. ఏ బిడ్డకైనా 24 గంటల్లోపు టీకా వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నుంచీ చెబుతోంది. తల్లికి పాజిటివ్ అయితే దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌తో పోరాడే రెడీమేడ్ యాంటీబాడీలు) కూడా వేస్తారు. ఒక తొడకు ఒకటి, రెండో తొడకు ఇంకోటి, రెండూ 12 గంటల్లోపే. ఇమ్యునోగ్లోబులిన్ వండి తెచ్చిన అన్నమనుకో, టీకా వంట నేర్పడం. నేర్చుకునేదాకా ఆకలి ఆగదు కదా! రెండూ వేళకు పడి, మిగతా డోసులూ పూర్తయితే నూటికి 90 మందికి పైగా పిల్లలు తప్పించుకుంటారు.

వేళకు పడటమే కష్టంరా. మా మరదలి కాన్పు అర్ధరాత్రి అయింది. పాజిటివ్ అన్న రిపోర్టు ఫైల్లో అట్టడుగున ఉంది. డ్యూటీలో ఉన్నావిడ "పొద్దున్నే పిల్లల డాక్టర్ వచ్చాక చూద్దాం" అంది, పైగా ఇమ్యునోగ్లోబులిన్ స్టాకు లేదు. మందుల షాపుల తలుపులు కొట్టీ కొట్టీ తెల్లారేసరికి సంపాదించా. గడ్డకడితే పాడవుతుందని సీసాకు తువ్వాలు చుట్టి ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చా. తొమ్మిదో గంటలో పడింది. నా బొటనవేలంత తొడ! కెవ్వున ఏడ్చి, రెండు నిమిషాల్లో నిద్రపోయింది పిచ్చితల్లి.

కాబట్టి ఆ మందు ముందే ఆస్పత్రిలో ఉండేలా మాట్లాడిపెట్టు. కేస్‌షీట్ మొదటి పేజీ మీద ఎర్రసిరాతో "తల్లికి హెపటైటిస్ బి పాజిటివ్" అని రాయించు. నువ్వు మొహమాటస్థుడివని తెలుసు, ఈ ఒక్కసారికి మానెయ్.

ఇప్పుడే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) చేయించండి. మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే ఏడో నెల నుంచి వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. అంత ఎక్కువున్నప్పుడు సూదులు వేసినా ఒక్కోసారి వైరస్ బిడ్డకు దాటిపోతుంది మరి. దీనికోసం సిజేరియన్ అక్కర్లేదు. పాలు ఇవ్వొద్దని ఎవరైనా అంటే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతా. శుభ్రంగా ఇవ్వొచ్చు.

తైవాన్‌లో 1984లోనే పాజిటివ్ తల్లుల పిల్లలకు ఈ టీకాలు మొదలెట్టారు. తర్వాత అక్కడ పిల్లల్లో కాలేయ క్యాన్సర్లు తగ్గిపోయాయి. క్యాన్సర్‌ను ఆపే టీకా అంటే వినడానికే వింతగా లేదూ?

పాపాయికి 9 నెలలు నిండాక, ఏడాదిలోపు రక్తపరీక్ష చేయించాలి. తొందరపడి ముందే చేయిస్తే ఆ తెచ్చిపెట్టిన అన్నమే కనబడుతుంది, సొంత వంట సంగతి తేలదు. నువ్వూ వెళ్ళి పరీక్ష చేయించుకో, వైరస్ లేదని తేలితే టీకా మూడు డోసులు వేయించుకో. కలిసి తింటే, పక్కన కూచుంటే రాదని మీ పెద్దవాళ్ళకు నువ్వే చెప్పు. చెల్లెమ్మకు కంచం, గ్లాసు విడిగా పెట్టారని తెలిస్తే మాత్రం ఊరుకోను.

ఆ ఐస్ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. డేటుకు రెండు వారాల ముందు దాంతోపాటే దిగుతా, పక్క సిద్ధం చేసి ఉంచు.

నీ
పాత రూమ్మేట్