పెట్టెకి కన్నాలు మళ్ళీ వేశాను

గాజువాక,
మార్గశిరం, మూడో గురువారం

అమ్మలూ,

మీ అమ్మ తెల్లారకముందే బురుజుపేట వెళ్ళింది, కనకమహాలక్ష్మి గుడికి. క్యూ చూస్తే మధ్యాహ్నం దాటేలా ఉందని ఇందాక ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీగా ఉంది. మొన్న రాత్రి నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు, "సరేలే, పడుకో" అని ఫోన్ పెట్టేశాను. అప్పట్నుంచి బుర్రలో తిరుగుతున్నది ఇప్పుడు రాస్తున్నాను. ఫోన్లో అయితే సగంలోనే నువ్వు అడ్డుపడతావు.

లాపరోస్కోపీలో, అదే చిన్న కన్నాలతో చేసే ఆపరేషన్‌లో, మీ సార్ నీ చేతిపనికి వేసింది 25కి 13. అందులో టిష్యూ హ్యాండ్లింగ్‌కి, అంటే లోపలి కణజాలాన్ని పట్టుకునే తీరుకి, 5కి 2. "ఆ సార్‌కి నేనంటే పడదు నాన్నా" అన్నావు. పడదేమో, కాదనను. కానీ అదే మాట నేనూ ఒకప్పుడు అన్నాను, అది చెప్పాలి.

నీ వయసులో నేను ఐ.బి.ఆర్. వెల్డర్ పరీక్షకి వెళ్ళాను, బాయిలర్ పైపులు అతికేవాళ్ళకి పెట్టేది. అప్పటికి ఆరేళ్ళు హోల్డర్ పట్టినవాణ్ణి. ఆటోనగర్‌లో కుర్రాళ్ళు నా బీడ్, అదే అతుకు గీత, చూడ్డానికి వచ్చేవాళ్ళు. పైపుని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు, మనమే చుట్టూ తిరుగుతూ, వంగుతూ, ఒకచోట దాదాపు పడుకుని అతకాలి. పైకి చూస్తే నా జాయింట్ నాణెం అంచులా ఉంది. ఎక్స్‌రేలో పోయింది. ఫిల్మ్ చూసినవాడికి కళ్ళు లేవని వీధంతా వినబడేలా తిట్టాను. మా మేస్త్రీ ఏమీ అనలేదు. ఆ ఫిల్మ్ తెచ్చి, కిటికీ వెలుతురుకి పట్టుకుని, అడుగున సన్నటి నల్లగీత చూపించాడు. రూట్‌లో, అంటే జాయింట్ అడుగున, మెటల్ లోపలిదాకా దిగలేదు. ఆరేళ్ళలో నా జాయింట్‌ని లోపలినుంచి చూడటం అదే మొదటిసారి. అంతకుముందు ఎన్ని అలాంటివి పోయాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో! నాలుగు రాత్రులు నిద్రపట్టలేదు.

మీ లాగ్‌బుక్ సంగతి నువ్వు సంక్రాంతికి వచ్చినప్పుడు చూపించావు. ఇన్ని కేసులు చూశాను, ఇన్నిట్లో అసిస్ట్ చేశాను, ఇన్ని సొంతంగా చేశాను అని అంకెలు, పక్కన సంతకాలు. నా ఆరేళ్ళూ అలాంటివే. ఎన్ని చేశానో ఆ లెక్కకి తెలుసు, ఎలా చేశానో తెలీదు.

డాబా మీద కూర్చుని నువ్వు చెప్పిన అమెరికా మిషిగన్ కథ నేను మర్చిపోలేదు. 2013లో అచ్చయిందన్నావు. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తలా ఒక వీడియో పంపారు. అది ఎవరి చెయ్యో తెలియకుండా తోటి సర్జన్లు చూసి మార్కులు వేశారు. మార్కుల్లో అట్టడుగున ఉన్న నాలుగోవంతు వాళ్ళ పేషెంట్లలో నూటికి 14.5 మందికి కాంప్లికేషన్లు వచ్చాయి, పైన ఉన్న నాలుగోవంతు వాళ్ళ దగ్గర 5.2 మందికే. వాళ్ళందరూ చదువు పూర్తిచేసి, సొంతంగా ఆపరేషన్లు చేస్తున్న డాక్టర్లే కదా! ఆ రాత్రి నువ్వు అంత ఉత్సాహంగా చెప్పావు. "చూశావా నాన్నా, చెయ్యి చూస్తే పేషెంటు గతి తెలిసిపోతోంది" అన్నావు. ఇప్పుడు నీ చెయ్యి చూసి ఒకాయన 2 వేస్తే ఏడుస్తున్నావు.

కోప్పడుతున్నాననుకోకు. ఒక విషయంలో నీ పక్షానే ఉన్నాను. ఒక్క మనిషి, నిన్ను రోజూ చూసే మనిషి, పక్కన నిలబడి వేసిన మార్కు పూర్తి లెక్క కాదు. మా ఫిల్మ్ చదివేవాడికి నా మొహం తెలీదు, పైపు మీద గుద్దిన నంబరే తెలుసు. నీదీ అలా చూపించుకో. లాపరోస్కోపీలో ఉన్న సుఖమే అది, కెమెరా ఎలాగూ లోపలే ఉంటుంది. నీ వంతు వచ్చిన భాగం రికార్డింగ్ అడిగి తీసుకో. పేషెంటు పేరు, వివరాలు ఏవీ లేకుండా, మీ డిపార్ట్‌మెంట్ ఒప్పుకున్న పద్ధతిలోనే సుమా. పేరు చెప్పకుండా ఇంకో ఇద్దరు సీనియర్లకి చూపించి అదే మార్కుల కాగితం నింపమను. ముగ్గురూ 2 వేస్తే నల్లగీత ఉన్నట్టే.

ఆ కాగితం గురించి కూడా ఆలోచించాను. గోల్స్ అంటారనీ, కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు 2005లో బయటపెట్టారనీ చెప్పావు కదా. అయిదు గడులు, ఒక్కోదానికి 1 నుంచి 5. లోతు అంచనా. రెండు చేతుల పొత్తు. వృథా కదలికలు లేకుండా పని సాగడం. టిష్యూని చింపకుండా, నలపకుండా పట్టుకోవడం. ఎవరి సాయం లేకుండా పూర్తిచెయ్యడం. మొదటి రెండూ వింటే నాకు మిర్రర్ వెల్డింగ్ గుర్తొచ్చింది. బాయిలర్ ట్యూబులు దగ్గర దగ్గరగా ఉన్నచోట వెనక వైపు జాయింట్ మన కంటికి కనబడదు. అద్దం పెట్టుకుని అందులో చూస్తూ అతకాలి. చెయ్యి ఒకవైపు వెళుతుంటే కంటికి ఇంకోవైపు వెళ్ళినట్టుంటుంది. మొదటి వారం రాడ్ ప్రతిసారీ అతుక్కుపోయేది, వాంతొచ్చేంత చిరాకు. మీకూ అంతేగా? పొట్ట గోడ దగ్గర ఆ గొట్టం ఇరుసులా నిలబడుతుంది, నీ చెయ్యి కుడికి పోతే లోపల మొన ఎడమకి పోతుంది. ఎంత లోపలికి దింపితే అంత, అదే చెయ్యి కదలిక లోపల పెద్దదవుతుంది. గునపం లెక్కే. పైగా మాకు అద్దంలోనైనా మంట రంగు తెలిసేది, రాడ్ చివర చేతికి తగిలేది. మీకు తెర మీద బొమ్మ, చేతికి అరకొర స్పర్శ. ఎంత గట్టిగా పట్టుకున్నావో చేతికి తెలియనప్పుడు కంటితోనే తెలుసుకోవాలి: టిష్యూ తెల్లబడుతోందా, సాగుతోందా, నెత్తురు చెమ్మ కనబడుతోందా అని. నీకు 2 వచ్చింది అక్కడే అని నా అనుమానం. నేను వెల్డర్ని, తప్పయితే నవ్వుకో.

అందుకే పెట్టె సంగతి. నువ్వు సాధన చేసుకోవడానికి పోయినసారి నేను చేసిచ్చిన ప్లైవుడ్ పెట్టెకి రెండు కన్నాలూ మరీ దగ్గరగా వేశాను. లోపల గ్రాస్పర్లు, ఆ పట్టుకునే పరికరాలు, కత్తియుద్ధం చేస్తున్నాయని నువ్వు నవ్వావు గానీ, ఆ తప్పు నాది. రెండు పరికరాల మొనలూ కలిసేచోట 60 డిగ్రీల కోణం రావాలని తర్వాత చెప్పావు. ఈసారి అట్టముక్క మీద గీసుకుని, ప్రొట్రాక్టర్ పెట్టి చూసి కొత్త మూతకి వేశాను. కెమెరాని మధ్యలో పెట్టాను. ఎల్‌ఈడీ పట్టీ మెరవకుండా పైన ట్రేసింగ్ పేపరు అంటించాను. తెర మాత్రం నువ్వే చూసుకో, నీకు ఎదురుగా, కంటికి కాస్త కిందుగా ఉండాలి. టేబుల్ పక్కన లాప్‌టాప్ పెట్టి మెడ తిప్పుకుని చేస్తే నలభై ఏళ్ళకే నా మెడ నీకు వస్తుంది.

లోపల వాడుకోవడానికి మేకులు కొట్టిన చెక్క ఒకటి పెట్టాను. ఎఫ్.ఎల్.ఎస్. పరీక్షలో, అదే లాపరోస్కోపీ ప్రాథమిక నైపుణ్యాల పరీక్షలో, లాగే ఆరు ముక్కలు. ఒక్కోదాన్నీ బలం లేని చేత్తో తీసి, గాల్లోనే రెండో చేతికి అందించి, అవతలి వైపు మేకుకి వెయ్యాలి, మళ్ళీ వెనక్కి తేవాలి. 300 సెకన్లు గడువు. అమెరికాలో ఈ పరీక్ష గట్టెక్కనిదే జనరల్ సర్జరీ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వరట. లోపలే ముడి వేసే పనికి 600 సెకన్లు. అక్కడ ఎంత త్వరగా వేశావన్నదొక్కటే కాదు, సూది గుర్తు చుక్కలోంచి ఎంత పక్కకి పోయిందో, ముడి జారిందో లేదో చూసి మార్కులు కోస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. మా దగ్గర ఎక్కువ జాయింట్లు కొట్టినవాడికే మెచ్చుకోలు ఉండేది, ఆ మెచ్చుకోలు కోసమే చాలామంది చెడిపోయారు.

పెట్టె మీద ఆడితే నిజం ఆపరేషన్‌కి ఏం ఒరుగుతుందని మీ వార్డులో ఎవరో అన్నారన్నావు. 2002లో యేల్ యూనివర్సిటీ వాళ్ళు 16 మంది రెసిడెంట్లతో చూసింది అదేగా. వాళ్ళది కంప్యూటర్ సిమ్యులేటర్, మనది ప్లైవుడ్, అది ఒప్పుకుంటాను. దాని మీద నేర్చుకున్నవాళ్ళు గాల్‌బ్లాడర్‌ని లివర్ నుంచి విడదియ్యడంలో 29 శాతం తొందరగా చేశారు. నేర్చుకోనివాళ్ళు గాల్‌బ్లాడర్‌కి గాయం చెయ్యడమో, పక్కన కాల్చడమో అయిదింతలు ఎక్కువ. నాకు గుర్తుండిపోయింది వేరే ముక్క. వాళ్ళకి ఇన్ని గంటలు అని పెట్టలేదు, చెయ్యితిరిగిన సర్జన్లు అందుకున్న స్థాయి వచ్చేదాకా చేయించారు. కనుక "రోజూ గంట చేస్తున్నా" అని నాకు చెప్పకు. సెకన్లు ఎంత, ముక్కలు ఎన్ని జారాయి, అది చెప్పు.

ఇంకొకటి ఉంది. మీ అమ్మ గాల్‌బ్లాడర్ ఆపరేషన్. నువ్వప్పుడు ఇంటర్. చిన్న కన్నాలతో అయిపోతుంది, మర్నాడు ఇంటికి వెళ్ళొచ్చు అన్నారు. రెండు గంటల తర్వాత ఆ డాక్టరుగారు బయటికొచ్చి "ఓపెన్ చెయ్యాల్సొచ్చింది" అన్నారు. నేను, మీ పెదమావయ్య ఆయన్ని అనని మాట లేదు. చేతకాక కోసేశాడని ఊరంతా చెప్పాను. మీ అమ్మ పదిరోజులు మంచం దిగలేదు. నువ్వు కేజీహెచ్‌లో సర్జరీ పోస్టింగ్ చేస్తున్నప్పుడు ఒకరోజు అన్నం తింటూ చెప్పావు. ఆ మూలలో కొవ్వూ పొరలూ శుభ్రం చేసి, గాల్‌బ్లాడర్ కింది భాగాన్ని లివర్ నుంచి విడదీసి, దాంట్లోకి వెళ్ళే నాళాలు రెండే రెండు అని కళ్ళారా చూస్తే గానీ క్లిప్పు వెయ్యకూడదు, కనబడకపోతే ఆగాలి అని. ఆయనకి కనబడలేదు, ఆగాడు. పైత్యనాళం కోసేసి ఉంటే మీ అమ్మ ఇవాళ బురుజుపేట క్యూలో ఉండేదా? నేను ముద్ద దించలేకపోయాను. తర్వాత ఆ ఆసుపత్రికి వెళితే ఆయన వేరే ఊరు వెళ్ళిపోయారన్నారు.

ఆ ఆగడానికి మీ అయిదు గడుల్లో గడి ఏది? ఎవరి సాయం లేకుండా పూర్తిచెయ్యడానికైతే మార్కుంది. మీ సార్‌ని ఇది అడుగు. అలిగి కాదు, తెలుసుకోవాలని అడుగు. ఆయన చెప్పింది నాకూ చెప్పు.

మా వెల్డింగ్ కోడ్‌లలో ఇంకో నిబంధన ఉంటుంది. ఆరు నెలలు ఒక వెల్డింగ్ పద్ధతిలో పని ముట్టుకోకపోతే సర్టిఫికెట్ చెల్లదు, మళ్ళీ పైపు మీద అతికి చూపించాల్సిందే. రెండోసారి నేను పాసయ్యాక కూడా రిటైరయ్యేదాకా అలా చూపిస్తూనే ఉన్నాను. తల తెల్లబడ్డాక కుర్ర ఇన్‌స్పెక్టర్ ముందు పడుకుని అతకడం నామోషీగానే ఉండేది, అబద్ధమెందుకు. కానీ ఎక్స్‌రే వచ్చేదాకా ఆ రెండ్రోజులూ మొదటిసారి ఉన్నంత టెన్షనే.

పెట్టె సోమవారం పార్సిల్ వేస్తాను. మీ అమ్మ కందిపొడి, ఉసిరికాయ పచ్చడి అందులోనే పెడతానంటోంది. నూనె కారితే కెమెరా పోతుందని చెప్పాను, వినేలా లేదు, వేరే డబ్బాలో కడుతుంది. కన్నాలకి రబ్బరు వాషర్లు ఒక్కటే కొనాలి. అయిదు మిల్లీమీటర్లవా, ఒకటి పదిదా? రాత్రికి ఫోన్ చేసి చెప్పు, కొట్టు ఆదివారం ఉండదు.

నాన్న