‘టెన్త్ ఫెయిల్’ ఇంటిపేరు కాదు

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజున మీ పత్రికతో సహా అన్ని పత్రికల నిండా అత్యధిక మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలే ఉంటాయి. ఆ రోజు తప్పినవారి గురించి మర్నాటి నుంచి ఎవరూ మాట్లాడరు. వారు మాత్రం తమ గురించి ఆ ఒక్క మాటే ముప్పై ఏళ్లపాటు చెప్పుకుంటూ ఉండిపోతారు. నెల్లూరు జిల్లాలో గణిత ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందిన నేను, సర్వీసు చివరి ఏళ్లలో రోజూ బడికి రాకుండానే చదివి పరీక్షలు రాసే వీలున్న ఓపెన్ స్కూల్‌కు మా ఉన్నత పాఠశాలలో ఉన్న కేంద్రంలో సెలవు రోజుల్లో పెద్దవాళ్లకు లెక్కలు చెప్పాను. అక్కడికి వచ్చినవారిని పేరు అడిగితే చాలు, ఇంటిపేరు కలిపి చెప్పినట్టు ‘టెన్త్ ఫెయిల్ సార్’ అని కూడా చెప్పేవారు.

వారిలో జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లలను చదివించిన ఒక తల్లి ఉండేది. మొదటి రోజే ‘మిగతా సబ్జెక్టులు ఎలాగో గట్టెక్కుతాను గానీ లెక్కలు నా వల్ల కాదు సార్, అప్పుడే రానివి ఇప్పుడేం వస్తాయి?’ అంది. 36 అంగుళాల ఛాతీ కొలతకు గుడ్డ ఎలా కత్తిరిస్తావమ్మా అని అడిగాను. నాలుగు మడతలు వేసి, నాలుగో వంతు 9 అంగుళాలు గుర్తు పెట్టుకుని, లూజుకూ కుట్టుకూ కలిపి మరో ఒకటిన్నర వదులుతానని తడుముకోకుండా చెప్పింది. 34 అయితే ఎంత, 38 అయితే ఎంత అని అడిగినా అంతే వేగంగా జవాబిచ్చింది. కొలత ఏదైనా సరే, దాన్ని ‘ఎక్స్’ అనుకుంటే అందులో నాలుగో వంతుకు ఒకటిన్నర కలుపుతున్నావు, బీజగణితమంటే ఇదేనని బోర్డు మీద రాసి చూపించాను. ఆమె ఆ గీతల వంక చాలాసేపు చూసి, ‘ఈ మాట నాకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే’ అని కళ్లు తుడుచుకుంది. తొలిసారి గణితం తప్పినా, రెండోసారి రాసి పాసయింది.

ఆమె చుట్టూ ఉన్న గిరిని ఆమె ఒక్కతే గీసుకోలేదని ఒప్పుకోవడం నా బాధ్యత. బడి తెరిచిన నెలలోపే నా తరగతిని ‘లెక్కలు వచ్చేవాళ్లు, రానివాళ్లు’ అని మనసులోనే రెండుగా చీల్చి, ఆ రెండో వరుస వైపు ఏడాదంతా ఆశ లేకుండా చూసిన ఉపాధ్యాయుల్లో నేనూ ఒకడిని. మా ఆ చూపునే పిల్లలు తమ స్వభావంగా మార్చుకుని ఇంటికి మోసుకుపోయారు. నలభై దాటినవారికి బీజగణితం ఎక్కదన్న నమ్మకం కూడా నాదే. నేను గీసుకున్న ఆ గీతను చెరిపింది ఆ సెలవు రోజుల తరగతులే.

దారి లేక వీరు ఆగిపోయారని అనడానికి వీల్లేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) 1982లో మన హైదరాబాదులోనే, ఆచార్య జి. రాంరెడ్డి ఉపకులపతిగా ప్రారంభమైంది. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, ఎంత పెద్ద వయసువారైనా చేరవచ్చు. సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయాలన్న నిర్బంధమూ లేదు, ఒక్కొక్కటిగా పూర్తి చేసుకోవచ్చు. ఇంత వెసులుబాటు ఉండి కూడా, ఫారం చేతిలో పెడితే ‘ఈ వయసులో నలుగురూ నవ్వరా’ అని తిరిగి ఇచ్చేసినవారిని ఎందరినో చూశాను. నవ్వే ఆ నలుగురూ ఎవరని అడిగితే ఒక్కరి పేరూ చెప్పలేకపోయేవారు.

మా జిల్లావాళ్లకు ఈ విషయంలో దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. 1990ల తొలినాళ్లలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిపూట పలకలు పట్టిన ఆడవాళ్లు, సారా దుకాణాన్ని మూయించిన స్త్రీల కథను వాచకంలో చదివి, ఆ పని తామూ చేయగలమని మా జిల్లాలోని దూబగుంట గ్రామంలో లేచి నిలబడ్డారు. అంతకుముందు దాకా ‘మగాళ్లు తాగుతారు, మన రాత ఇంతే’ అన్నది వారే. వారి పోరాటం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. అక్షరాలు నేర్చిన చోటనే తమ ఊరు తమ చేతిలో ఉందన్న చూపు కూడా వారికి వచ్చిందన్నది నాకు అన్నిటికంటే విలువైన సంగతి. కాస్త దూరంగా చూసినా, కేరళలో కార్త్యాయని అమ్మ 2018లో 96 ఏళ్ల వయసులో అక్షరాస్యతా పరీక్ష రాసి 100కు 98 మార్కులు తెచ్చుకున్నారు.

అందుకే మీకు రెండు విన్నపాలు. ఓపెన్ స్కూల్ ఫలితాలు వచ్చినప్పుడు, యాభై ఏళ్లకు పాసైన ఒక ఆయానో కూలీనో వెతికి, వారి ఫొటో కూడా మొదటి పేజీలో వేయండి. ప్రవేశాల ప్రకటన వచ్చినప్పుడు, చివరి తేదీనీ దగ్గరలోని కేంద్రాల వివరాలనూ జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి. ఆ కాగితాన్ని కత్తిరించి కుట్టు మిషను ఎదుట గోడకు అంటించుకునేవారు మా ఊళ్లలో ఉన్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నెల్లూరు జిల్లా